ఒకే ఒకసారి అడగవలెను

విదేశీ పర్యాటకులు రావాలంటే ముందు వాళ్లను పంపించే ట్రావెల్ ఏజెంట్లు రావాలి. ఏజెంట్లు వచ్చి చూసి, నచ్చితే తమ దేశాల్లో కరపత్రాలు వేస్తారు. కరపత్రాలు చూసి జనం బయలుదేరతారు. ఈ వరస జిల్లా పర్యాటక కార్యాలయం గోడ మీద బాణం గుర్తులతో గీసి ఉంది. మొదటి బాణం దగ్గర నిలబడవలసిన ఎనిమిది మంది ఏజెంట్లు ఫిబ్రవరి పద్దెనిమిదిన వస్తున్నారని రాజధాని నుంచి ఉత్తరం వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం వాళ్ల భోజనం తవిటిలంక రేవులో.

తవిటిలంక రేవులో భోజనం దొరికే చోటు ఒకటే. ఏరు దాటించే పంటు దిగి గట్టెక్కగానే తాటాకు కప్పు కింద నాలుగు బల్లలు ఉంటాయి. అది మల్లాడి సత్యవేణి మెస్సు. పంతొమ్మిదేళ్లుగా నడుపుతోంది. అక్కడ మెనూ కార్డు లేదు. కూర్చున్నవాళ్లకు ఆకు వేస్తుంది, ఆ రోజు వండింది పెడుతుంది. వద్దంటే మళ్లీ అడుగుతుంది. మళ్లీ వద్దంటే పెట్టేస్తుంది. ఆ లంకల్లో మొదటి 'వద్దు' మొహమాటం, రెండో 'వద్దు' మర్యాద. మూడోసారి కూడా అంటే అప్పుడు మనిషికి కడుపు నిండిందేమోనని ఆలోచిస్తారు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పలేదు. అందరికీ తెలుసు.

జనవరి మొదటి వారంలో జిల్లా పర్యాటకాధికారి విశ్వంభరరావు గారు మెస్సుకు వచ్చారు. వెంట నగరం నుంచి వచ్చిన కన్సల్టెంటు ఉన్నాడు. సత్యవేణి రెండు ఆకులు వేసింది.

"మేము భోజనానికి రాలేదమ్మా" అన్నారు విశ్వంభరరావు గారు.

"భోజనానికి రాపోతే మాత్తరం, ఏలయ్యింది కదండీ. కూకోండి."

"వద్దమ్మా."

"పండుగప్ప పులుసండి. ఇప్పుడే దింపేను."

"వద్దన్నాను కదమ్మా."

సత్యవేణి అన్నం పెట్టింది. కన్సల్టెంటు తన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

పులుసు అయిపోయాక విశ్వంభరరావు గారు చెయ్యి కడుక్కుని, వచ్చిన సంగతి చెప్పారు. రేవు స్థలం ప్రభుత్వానిది. పద్దెనిమిదో తేదీ భోజనం జరిగే తీరును బట్టి మెస్సుకు మార్కులు వేస్తారు. నూటికి అరవై వస్తే 'విదేశీ అతిథి యోగ్యతా ధ్రువపత్రం' ఇస్తారు. రాకపోతే మెస్సు తీసేసి ఆ చోట సెల్ఫీ పాయింటు కడతారు. ఏరు వైపు తిరిగి నిలబడి ఫొటో తీసుకోవడానికి వీలుగా సిమెంటుతో ఒక పెద్ద కొబ్బరికాయ పెడతారు. నమూనా ఇప్పటికే ఆమోదం పొందింది.

"అన్నం తినే చోట కొబ్బరికాయేంటండీ?" అంది సత్యవేణి.

"అమ్మా, మీరు దీన్ని అన్నంగా చూస్తున్నారు. శాఖాపరంగా ఇది అన్నం కాదు. ఇది గమ్యస్థాన అనుభవంలో ఒక స్పర్శబిందువు."

"ఆయ్" అంది సత్యవేణి. "మరి దాంట్లో నేను ఏం చెయ్యాలండి?"

కన్సల్టెంటు తను తయారుచేసిన నియమావళి తీశాడు. అరవై నాలుగు పేజీలు. పద్నాలుగో నిబంధన చదివి వినిపించాడు.

"అతిథిని ఏ పదార్థమైననూ ఒకే ఒకసారి అడగవలెను. అతిథి నిరాకరణను తుది నిరాకరణగా పరిగణించవలెను. తిరిగి అడిగిన ప్రతి పర్యాయమునకు ఐదు మార్కులు తగ్గించబడును."

సత్యవేణి గరిటె పక్కన పెట్టింది. "వద్దంటే మానెయ్యాలాండీ?"

"మానేయాలి."

"ఆకలేత్తంటే?"

"ఆకలేస్తే వద్దనడు కదా."

"మీరు ఏ ఊరండీ?" అని అడిగింది సత్యవేణి.

నియమావళి ఆరో నిబంధన ప్రకారం సాధన విదేశీయుల మీదే జరగాలి. స్థానికుల మీద జరిగిన సాధన చెల్లదు. తవిటిలంకకు విదేశీయులు రారు. వాళ్లు వచ్చేందుకే ఈ ఏర్పాట్లన్నీ. విశ్వంభరరావు గారు ఈ చిక్కును పై అధికారులకు రాశారు. తొమ్మిది రోజుల్లో జవాబు వచ్చింది. అందుబాటులో ఉన్న సిబ్బందిలో ఒకరిని విదేశీయుడిగా నియమించుకోవచ్చు. అభ్యర్థికి పాస్‌పోర్టు ఉండవలెను.

కార్యాలయంలో పాస్‌పోర్టు ఉన్నది జూనియర్ అసిస్టెంటు గన్నాబత్తుల సింహాచలానికి మాత్రమే. పదేళ్ల కిందట కువైట్ వెళ్దామని తీసుకున్నాడు. వెళ్లలేదు. అయినా మిగతావాళ్లకంటే ఆ దిశలో కొంత ముందున్నాడని ఫైల్లో రాశారు. ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకు అతన్ని నమూనా విదేశీయుడిగా నియమిస్తూ ఉత్తర్వు వెలువడింది. ఆదివారాలూ రెండో శనివారాలూ స్వదేశీయుడు.

సింహాచలం పదకొండేళ్లుగా సత్యవేణి మెస్సులోనే మధ్యాహ్నం భోజనం చేస్తున్నాడు. మొదటి రోజు సాధనకు టోపీ పెట్టుకుని వచ్చి తన బల్ల దగ్గర కూర్చున్నాడు. కన్సల్టెంటు మార్కుల కాగితంతో పక్కన నిలబడ్డాడు.

"అన్నం పెట్టమంటారా?" అంది సత్యవేణి. ఈ మాట ఆమె వారం రోజులు వల్లె వేసింది. అంతకుముందు ఎప్పుడూ అనవలసిన అవసరం రాలేదు.

"వద్దు" అన్నాడు సింహాచలం. నియమావళిలో అతని మాట అదే.

"అదేంటి తమ్ముడూ, ఒంట్లో బాలేదా?"

"ఐదు" అన్నాడు కన్సల్టెంటు.

"మీరుండండి. మొకం చూడండి ఎలా పీక్కుపోయిందో. పొద్దున్న అనసూయ ఏం పెట్టింది నీకు?"

"పది. అక్కడ విదేశీయుడు ఉన్నాడమ్మా. తమ్ముడు కాదు."

"అక్కా, ఇప్పుడు నేను యిదేశీయుణ్ణి" అన్నాడు సింహాచలం మెల్లగా. "నాతో మాటాడకూడదు."

"మాటాడను. కొంచెం పప్పు ఏసుకో."

ఆ రోజు ఆమెకు పదిహేను మార్కులు వచ్చాయి. మర్నాడు ముప్ఫై. విదేశీయుడికి అందులో ఇబ్బంది కనిపించలేదు, ఎందుకంటే మార్కులు పోయిన రోజు అతనికి భోజనం దొరికింది. ఇబ్బంది నాలుగో రోజు మొదలైంది. ఆ రోజు సత్యవేణి పెదాలు బిగించుకుని అన్నం ఒక్కసారే అడిగి గిన్నె పట్టుకుని వెళ్లిపోయింది. సింహాచలం ఖాళీ ఆకు ముందు అరగంట కూర్చున్నాడు. పప్పు దగ్గర రెండుసార్లు నోరు జారినందుకు పది పోయి, తొంభై మార్కులు వచ్చాయి.

బయటకు వచ్చి బజ్జీల బండి దగ్గర ఆగాడు. కన్సల్టెంటు వెనకే వచ్చాడు. ధ్రువపత్రం లేని చోట విదేశీయులకు ఆహారం అమ్మరాదు, పెట్టరాదు అన్నది ఇరవై ఒకటో నిబంధన. ఇంటినుంచి అనసూయ క్యారేజీ తెచ్చింది. ఇంటికీ ధ్రువపత్రం లేదు.

"మా ఆయనకి నేను అన్నం పెట్టుకోడానికి కాయితం కావాలా?" అని ఆమె కార్యాలయానికి వచ్చి అడిగింది.

"ఐదు తర్వాత అక్కర్లేదమ్మా" అన్నారు విశ్వంభరరావు గారు. "పది నుంచి ఐదు దాకా వారు ఇతర దేశస్థులు."

"ఏ దేశమండీ?"

అది ఉత్తర్వులో లేదు. ఈ ప్రశ్నే రెండు రోజుల తర్వాత పోలీసులు కూడా అడిగారు. జిల్లాలో విదేశీయుడు ఉంటే ఇరవై నాలుగు గంటల్లో స్టేషనుకు తెలియజేయాలి. కార్యాలయం పద్ధతి ప్రకారం తెలియజేసింది. హెడ్ కానిస్టేబులు వచ్చి ఫారం నింపుతూ ఆగాడు.

"సింహాచలం, నువ్వేంట్రా?"

"నేనేనండి."

"దేశం?"

"ఇంకా కేటాయించలేదండి."

"భారతదేశానికి ఎందుకు వచ్చావు?"

"ఇక్కడే పుట్టేనండి."

హెడ్ కానిస్టేబులు ఆ గడి ఖాళీగా వదిలేశాడు. తిరిగి వెళ్లే తేదీ అన్న చోట మాత్రం ఫిబ్రవరి పద్దెనిమిది అని రాసుకున్నాడు. సింహాచలం చూసి, అదొక్కటే తనకు నచ్చిన విషయం అన్నాడు.

ఫిబ్రవరి వచ్చేసరికి సత్యవేణి వరసగా తొంభై ఐదు తెచ్చుకుంటోంది. దానికి ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. అడిగేటప్పుడు మనిషి ముఖం చూడడం మానేసింది. ఈ విజయం చూసి కన్సల్టెంటు పద్నాలుగో నిబంధనను ఊరంతటికీ వర్తింపజేయాలని సిఫారసు చేశాడు. విదేశీయులు ఏ ఇంట్లోకైనా తొంగిచూసే అవకాశం ఉంది కాబట్టి ఎవరూ ఎవరినీ రెండోసారి అడగరాదని దండోరా వేయించారు.

దానితో తవిటిలంకలో తిండి తగ్గింది. పంటు మీద పనిచేసేవాళ్లు మొహమాటానికి ఒకసారి వద్దనేవారు, పస్తు ఉండేవారు. ఒకరింటికి వచ్చిన కొత్త అల్లుడు గారెలు రెండోసారి అడిగితే తిందామని ఆగాడు. అడగలేదు. రెండు రోజులు అలిగి పడుకున్నాడు. ఎందుకు అలిగాడో అత్తగారికి తెలుసు. రెండోసారి అడిగితే గ్రామ వలంటీరు పేరు రాసుకుంటాడని ఊరుకుంది. విశ్వంభరరావు గారు తన నివేదికలో 'ప్రజల్లో పరిణతి కనిపిస్తున్నది' అని రాశారు.

పద్దెనిమిదో తేదీ పన్నెండున్నరకు ఎనిమిది మంది ఏజెంట్లు పంటు దిగారు. ఐదుగురు ఆడవాళ్లు, ముగ్గురు మగవాళ్లు. అందరిలోకీ పెద్దావిడ హెల్గా. డెబ్భై దాటిన మనిషి. నలభై ఏళ్లుగా ముసలివాళ్లను బస్సుల్లో దేశాలు తిప్పుతున్న సంస్థకు యజమానురాలు. తెల్లవారుజామున ఐదింటికి కాఫీ తాగి బయలుదేరిన వాళ్లు అంతవరకూ ఏమీ తినలేదు.

వాళ్ల చేతుల్లో రాజధాని కార్యాలయం అచ్చువేసిన చిన్న పుస్తకాలు ఉన్నాయి. పేరు 'స్థానిక మర్యాదలు'. దాన్ని రాసింది ఈ లంకల్లోనే పుట్టి, శాఖలో పనిచేసి రిటైరైన ఒకాయన. ఆయన ఉన్నది ఉన్నట్టు రాశాడు. గోదావరి లంకల్లో వడ్డించేటప్పుడు మొదటి రెండుసార్లూ వద్దనాలి. వెంటనే ఒప్పుకుంటే తిండిపోతు అనుకుంటారు. మూడోసారి అడిగినప్పుడు ఒప్పుకోవాలి. ఎలా పలకాలో కూడా రాశాడు. ఎనిమిది మందీ దారంతా వ్యానులో ఆ మాట సాధన చేశారు.

నియమావళినీ, ఈ పుస్తకాన్నీ ఒకే శాఖ ఒకే ప్రెస్సులో వేయించింది. రెండూ చదివినవాళ్లు ఎవరూ లేరు.

ఎనిమిది ఆకులు వేశారు. కన్సల్టెంటు మార్కుల కాగితంతో స్తంభం పక్కన నిలబడ్డాడు. విశ్వంభరరావు గారు చివరి బల్ల దగ్గర ఉన్నారు. సింహాచలం ఆ రోజుతో పదవీకాలం ముగుస్తున్నందున టోపీ చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర ఉన్నాడు.

సత్యవేణి అన్నం గిన్నెతో హెల్గా ముందుకొచ్చింది. ఆకు వైపు చూస్తూ అడిగింది.

"అన్నం పెట్టమంటారా?"

"వద్దండీ" అంది హెల్గా, నవ్వుతూ.

సత్యవేణి పక్కకు జరిగింది. పక్కాయన కూడా నవ్వుతూ "వద్దండీ" అన్నాడు. ఎనిమిది మందీ అన్నారు. పప్పు వచ్చింది. వద్దండీ. వంకాయ కూర వచ్చింది. వద్దండీ. పండుగప్ప పులుసు వాళ్ల ముక్కుల ముందు నుంచి ఒకరి తర్వాత ఒకరిని దాటి వెళ్లింది. మూడో మనిషి దానితో పాటు తల తిప్పి చివరిదాకా చూశాడు. పెరుగు వచ్చింది. వద్దండీ.

ఎనిమిది ఆకులూ కడిగినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

"వంద" అన్నాడు కన్సల్టెంటు మెల్లగా. ఈ సంఖ్యను అతను ఏ జిల్లాలోనూ చూడలేదు.

విశ్వంభరరావు గారు సత్యవేణి దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి అన్నారు. "అయిపోయిందమ్మా. ఇంక పది నిమిషాలు ఇలాగే ఉంటే ధ్రువపత్రం మీదే. ఏమీ చేయకండి."

సత్యవేణి పొయ్యి దగ్గర నిలబడింది. ఏమీ చేయలేదు. రెండు నిమిషాలు గడిచాయి. ఎవరూ లేవలేదు. రెండోసారి అడుగుతుందని ఎనిమిది మందీ వంటవైపు చూస్తున్నారు. హెల్గా తన పుస్తకం తెరిచి ఆ పేజీ మళ్లీ చదువుకుంది. తర్వాత ఖాళీ ఆకు మీద పడిన నీటి చుక్కను వేలితో పక్కకు తోసింది.

అప్పుడు సత్యవేణి ఆమె ముఖం చూసింది.

"అక్కా, చూడకు" అన్నాడు సింహాచలం గుమ్మం దగ్గర నుంచి.

"ఆవిడకి మా యమ్మంత వయసుంటాదిరా" అంది సత్యవేణి. "నా ఆకు ముందు కూకుని ఖాళీ కడుపుతో లేత్తాదా?"

"మెస్సు పోద్దక్కా!"

"పోతే పోనీ. ఆ కొబ్బరికాయ పెట్టుకోమను."

అన్నం గిన్నె ఎత్తుకుని హెల్గా దగ్గరకు వెళ్లింది. "ఏంటమ్మా వద్దంటావు? అంత దూరం నుంచి వచ్చి వద్దంటే ఎలా? కొంచెం పెట్టించుకో."

హెల్గాకు మాటలు అర్థం కాలేదు. లెక్క అర్థమైంది. పుస్తకం చూసి, ఇంకొక్కసారి అన్నట్టు ఒక వేలు ఎత్తి, రెండోసారి "వద్దండీ" అంది.

"నువ్వూరుకో" అంది సత్యవేణి, పెట్టేసింది.

"ఐదు" అన్నాడు కన్సల్టెంటు.

ఆ తర్వాత అతనికి తల ఎత్తే వీలు దొరకలేదు. సత్యవేణి నెల రోజులుగా లోపల పెట్టుకున్నదంతా బయటికి వచ్చింది. "ఈ ముక్క తోక ముక్కండి, ఇది తింటేనే తిన్నట్టు." "ఆయనకి కారం తగిలినట్టుంది, నెయ్యి ఎయ్యి సింహాచలం." "పెరుగన్నం తినకుండా లేవకండి, నా మీద ఒట్టు." విదేశీయుడు నేతిగిన్నె పట్టుకున్నాడు. రెండో వరస పులుసు దగ్గర మగవాళ్లలో ఒకాయన మూడుసార్లు వద్దన్నాడు. మూడోది నిజమేనని గ్రహించి సత్యవేణి సగం గరిటె మాత్రమే వేసింది. రెండున్నరకు లేచారు. హెల్గా గట్టు మీద కొబ్బరి నీడలో చాప వేయించుకుని నిద్రపోయింది. తర్వాత చూడవలసిన మూడు ప్రదేశాలు రద్దయ్యాయి.

కన్సల్టెంటు లెక్క తేల్చాడు. తిరిగి అడిగిన పర్యాయాలు నూట నలభై మూడు. తగ్గించవలసినవి ఏడు వందల పదిహేను. వందలోంచి తీసేస్తే మైనస్ ఆరు వందల పదిహేను.

"వంద దగ్గర ఆగమన్నాను కదమ్మా" అన్నారు విశ్వంభరరావు గారు.

"ఆగేనండి" అంది సత్యవేణి ఆకులు తీస్తూ. "రెండు నిమిషాలు ఆగేను."

ఆ సాయంత్రం సింహాచలం స్వదేశానికి తిరిగి వచ్చి, తన కుర్చీలో కూర్చుని, మార్కులను శాఖ వెబ్‌సైట్లో నమోదు చేశాడు. మార్కుల గడి అంకెలను మాత్రమే తీసుకుంటుంది. మైనస్ గుర్తు మూడుసార్లు కొట్టాడు. పడలేదు. అలా తవిటిలంక మెస్సుకు నూటికి ఆరు వందల పదిహేను మార్కులు వచ్చాయి.

రాష్ట్రంలో దాని తర్వాతి స్థానంలో ఉన్న చోటుకు వచ్చినవి డెబ్భై ఒకటి.

రాజధానిలో ఎవరికీ అనుమానం రాలేదు. సంతోషం వచ్చింది. ఏజెంట్లు రాసిన అభిప్రాయాలు కూడా అదే రోజు అందాయి. ఎనిమిది మందీ చూసిన ప్రదేశాల గురించి ఒక్కో వాక్యం, తవిటిలంక భోజనం గురించి ఒక్కో పేజీ రాశారు. తమ కరపత్రాల్లో మెస్సు ఫొటో వేస్తామన్నారు. వారం తిరగకుండా ఒక ఉన్నతస్థాయి సంఘం పంటు ఎక్కి వచ్చింది.

సంఘం అధ్యక్షులు తాటాకు కప్పును, బల్లలను, పొయ్యిని చూశారు. "ఆరు వందల పదిహేను మార్కుల ఆస్తి ఇలా పొగ పట్టిపోతోందా?" అని బాధపడ్డారు. ఇలాంటి అనుభవాన్ని రాబోయే పర్యాటకుల కోసం చెక్కుచెదరకుండా కాపాడుకోవలసిన బాధ్యత ప్రభుత్వం మీద ఉందన్నారు. నెలాఖరుకు ఉత్తర్వు వచ్చింది. సెల్ఫీ పాయింటు రద్దు. మెస్సు రక్షిత కట్టడం. పొగ వల్ల కప్పు పాడవుతుంది కాబట్టి లోపల వంట నిషేధం. చేతుల తడి వల్ల బల్లలు పాడవుతాయి కాబట్టి లోపల భోజనం నిషేధం. చుట్టూ తాడు కట్టారు.

"మెస్సు దక్కింది కదమ్మా" అన్నారు విశ్వంభరరావు గారు. ఆయన ముఖంలో నిజంగానే సంతోషం ఉంది. "ఇంక దీన్ని ఎవరూ కదపలేరు."

"మరి నా బతుకు తెరువేంటండీ?"

దానికీ ఉత్తర్వులో ఏర్పాటు ఉంది. మెస్సు సంరక్షకురాలి పదవి ఒకటి సృష్టించి, స్థానిక అనుభవం దృష్ట్యా ఆమెనే నియమించారు. మెస్సులో ఎవరూ తినకుండా చూడడం ఆమె ఉద్యోగం.

సత్యవేణి ఆ కాగితం సింహాచలం చేత రెండుసార్లు చదివించుకుంది. 'లోపల' అన్న మాట ఎన్నిసార్లు ఉందో అడిగింది. నాలుగుసార్లు ఉందన్నాడు. మర్నాడు తాడుకు అవతల ఇరవై అడుగుల దూరంలో టార్పాలిన్ కట్టి, కొత్త పొయ్యి వేసింది.

అక్టోబరులో హెల్గా పంపిన మొదటి బస్సు వచ్చింది. ముప్ఫై ఎనిమిది మంది ముసలివాళ్లు పంటు దిగి, తాడు బయట నిలబడి, ఖాళీ మెస్సుకు ఫొటోలు తీశారు. గైడు ఆరు వందల పదిహేను మార్కుల గురించి చెప్పాడు. పది నిమిషాల్లో అది అయిపోయింది. తర్వాత పులుసు వాసన వచ్చిన వైపు నడిచారు. టార్పాలిన్ కింద పంటువాళ్లూ, అనసూయా, ఆ రోజు తనిఖీకి వచ్చిన విశ్వంభరరావు గారూ జరిగి చోటిచ్చారు.

నెలకొకసారి సంరక్షకురాలు నివేదిక పంపాలి. ఫారంలో రెండే ప్రశ్నలు. లోపల వంట జరిగినదా? లోపల ఎవరైనా భుజించినారా? రెండింటికీ సత్యవేణి లేదు అని రాయించి సంతకం పెడుతోంది. బయట ఎంతమంది తిన్నారన్న ప్రశ్న ఫారంలో లేదు.